పలిసపిట్టలు ఉన్నన్ని రోజులు

బాపును ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఫిబ్రవరి రెండో వారంలో. ఆటో దిగాక అమ్మ ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే, గడప దాటి రెండడుగులు వేసి ఆగిపోయాడు. రెండు కళ్ళ మీదా దూది, దూది మీద గట్టిగా చుట్టిన పట్టీ. ముఖం మాత్రం పెరటి తలుపు వైపు తిరిగింది.

"ఏంది గా లొల్లి?" అన్నాడు.

అప్పటిదాకా నాకది వినిపించనే లేదు. సూరత్ పాండేసరలో పెరిగినవాళ్ళకు చెవులు సగమే పనిచేస్తాయి. మిల్లు భోంగా కూత, టెంపోల హారన్లు, పక్క గల్లీలో మగ్గాల దడదడ, వీటి కింద ఇంకే చప్పుడైనా అణిగిపోతుంది. తలుపు తీసి చూశాను. మా పెరడు నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత. ఆ చివర ప్రహరీ, ప్రహరీ అవతల ఎవరిదో ఖాళీ ప్లాటు, అందులో పెద్ద బూరుగుచెట్టు. ఆకు ఒక్కటి లేదు, కొమ్మలన్నీ ఎర్రటి పూలు. ఆ పూలమీద, కొమ్మలమీద, మా గోడమీద, బట్టలారేసే తీగమీద పిట్టలు. వందల పిట్టలు.

"పిట్టలు బాపూ."

"పిట్టలని నాకూ తెలుస్తున్నది. ఏం పిట్టలు?"

కాకి, పావురం, పిచ్చుక. నాలుగో పిట్ట పేరు నాకు తెలియదు. "గోరింకలంత ఉన్నయ్. తల నలుపు, రెక్కలు నలుపు. వీపు, పొట్ట గులాబి రంగు. లేత గులాబి."

పట్టీ కింద కనిపించే ఆ కాస్త ముఖంలోనే ఏదో కదిలింది. "పలిసపిట్టలు," అన్నాడు. "మా ఊళ్ళె పచ్చజొన్న మీద పడ్డయంటే పొద్దుమూకేసరికి చేను ఉత్తదే. మా నాయిన వడిసెల పట్టుకొని దినమంత అరిచేటోడు. గివి సూరత్ల గూడ ఉంటయా?"

ఉంటాయట. పదహారేళ్ళుగా అదే గదిలో ఉన్న మాకు ఆ సంగతి బాపు కళ్ళు పోయాక తెలిసింది.

జనవరి ఇరవై తొమ్మిదిన బాపు పనిచేసే మిల్లులో కాస్టిక్ సోడా గొట్టం జాయింటు ఊడింది. బాపు సరిగ్గా దాని ఎదురుగా ఉన్నాడు. కళ్ళకు అద్దాలు లేవు. అద్దాలు అడిగితే స్టాకు రాలేదని ఆరు నెలలుగా చెబుతున్నారట. కేకలు విని పరుగెత్తుకొచ్చి, బాపును ఈడ్చుకుపోయి కుళాయి కింద తల పెట్టి, గింజుకుంటున్నా వదలకుండా అరగంట సేపు నీళ్ళు పట్టించినవాడు జితేందర్ మామ. ఆ నీళ్ళు పడకపోయి ఉంటే ఇక కళ్ళ గురించి అనుకోవడానికే ఏమీ ఉండేది కాదని డాక్టరు చెప్పాడు.

జితేందర్ మామ మాకు చుట్టం కాదు. జగిత్యాల దగ్గర మా ఊరికి పక్క ఊరు. మిల్లుకు మనుషులను పెట్టే లేబర్ కాంట్రాక్టరు. బాపును బావా అంటాడు, అమ్మను అక్కా అంటాడు, కాబట్టి నాకు మామ. మేముంటున్న గది ఆయనదే. బాపు ఆయన కింద పనిచేసినన్నాళ్ళూ మేము ఒక్క నెల కిరాయి కట్టలేదు.

డాక్టరు రెండు కళ్ళూ మూసే ఉంచాలన్నాడు. రెండు గంటలకోసారి పట్టీ విప్పి మందుచుక్కలు వేయాలి, మళ్ళీ కట్టాలి. ఏప్రిల్ మొదటి వారంలో ఇంకో ఆపరేషన్ జరగాలి, ఆలస్యమైతే తాను పూచీ పడనన్నాడు. బాపు సంపాదన ఆగిపోవడంతో అమ్మ మార్కెట్‌లో చీరలు మడతపెట్టే పనికి పోవడం మొదలుపెట్టింది. నేను కాలేజీ మానేసి ఇంట్లో ఉండిపోయాను. రెండో సంవత్సరం బీకాం.

మొదటిసారి పట్టీ విప్పినప్పుడు మందు సీసా కింద పెట్టి మళ్ళీ చూశాను. నల్లగుడ్లు ఉండాల్సిన చోట, ఉడికిన గుడ్డు లోపలి తెలుపు.

"ఎట్లున్నయ్ బిడ్డా?" అన్నాడు బాపు.

"ఎర్రగ ఉన్నయ్. గంతే," అన్నాను.

రెండు మూడు రోజులు గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాలుగో రోజు మంచం పెరట్లో వేయమన్నాడు. అప్పటినుంచి మా దినచర్య పిట్టల చుట్టూ తిరిగింది. పొద్దున ఏడింటికి ఒక గుంపు దిగేది, ఎండ ముదిరాక పలచబడేది, నాలుగింటికి మళ్ళీ నిండేది. బట్టలు నానబెట్టే సిమెంటు తొట్టిలో నేను నీళ్ళు పోస్తే, వరస పెట్టి దిగి రెక్కలు కొట్టుకుంటూ మునిగేవి. అదంతా నేను చెప్పాలి, ఆయన వినాలి.

"గోడ మీద ఎన్నున్నయ్?"

"పదకొండు. ఒకటి కుంటుతున్నది."

"ఏ కాలు?"

మళ్ళీ చూడాల్సి వచ్చేది. "ఎడమది."

"తిండి దొరుకుతుందా దానికి? మిగతాయి తరుముతున్నయా?"

ఆయన ప్రశ్నలకు జవాబు చెప్పడానికి చూడగా చూడగా ఆ పిట్టలు నాకు వేరువేరుగా కనిపించడం మొదలైంది. తలమీద వెనక్కి దువ్వినట్టుండే కుచ్చు, కోపమొస్తే అది నిక్కడం, పూలలో ముక్కు పెట్టి తీశాక నుదుటికి అంటిన పుప్పొడి. ఫోన్‌లో వెతికి, వేసవి ముదిరేలోపు ఇవి ఉత్తరంగా ఎక్కడో కజకిస్తాన్ దాకా పోయి అక్కడ గూళ్ళు కట్టుకుంటాయని చెప్పాను. "గంత దూరమా?" అన్నాడు. "మరి గింత తింటున్నయంటే తప్పేముంది?" అన్నాడు తరువాత.

ఒక మధ్యాహ్నం నా స్నేహితురాలు కోమలి కాలేజీ ఫోటోలు పంపింది. నేను వాటిలో మునిగి ఉన్నాను. "ఉన్నయా?" అన్నాడు బాపు. తల ఎత్తకుండా "ఆ, ఉన్నయ్, ముప్పై దాక," అన్నాను.

కొంతసేపటికి, "హారతీ, ఇట్ల రా," అన్నాడు.

వెళ్ళాను. చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నాడు. "ఒక్కటి లేదు. ఇందాక డేగ అరిచింది. అన్ని ఒక్కసారే లేచినయ్, రెక్కల సప్పుడు విన్న."

ఫోన్ మంచం మీద బోర్లించాను.

"నాకు ఇప్పుడు ఉన్న కండ్లు నీయే బిడ్డా. అవి గూడ లేనిది ఉన్నదని చెప్తే నేను ఏడికి పోవాలె?"

కోపంగా అనలేదు. నిజంగానే నన్ను అడిగాడు. ఆ తరువాత పిట్టల విషయంలో నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. కళ్ళ గురించి మాత్రం రోజూ ఎర్రగా ఉన్నాయనే చెబుతూ వచ్చాను.

హోలీ అయిన మూడో రోజు జితేందర్ మామ వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో చీకూ పళ్ళ సంచి. బాపు మంచం మీదే పక్కన కూర్చున్నాడు.

"ఎట్లున్నవ్ బావా?"

"గిట్లున్న. నువ్వే సూస్తున్నవ్ కదా."

మామ నవ్వబోయి ఆగాడు. అదే సమయానికి తీగ మీది పిట్ట ఒకటి ఆయన భుజం మీద తెల్లగా వేసింది. "ఈ వైయాలతోటి సచ్చిపోతున్నం," అని విసుక్కుంటూ రుమాలు తీశాడు. సూరత్‌వాళ్ళు ఆ పిట్టలను వైయా అంటారు. సంగతి నేను చెప్పగానే బాపు గట్టిగా నవ్వాడు. ఇంటికి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. మామ కూడా నవ్వాడు. నాకు సంతోషమేసింది కూడా. ఆ తరువాత మామ సంచి పక్కనుంచి ఒక కాగితాల కవరు తీశాడు.

"బావా, మిల్లోల్లు ఆపరేషన్‌కు కడ్తమన్నరు. ఏప్రిల్ రెండో తారీఖు మంచి ప్రైవేటు దవాఖాన్ల డేటు గూడ తీసుకున్నరు. దానికి ముందు ఒక్క కాయితం కావాల్నట. ఏలిముద్ర ఎయ్యాలె. గంతే."

"ఏం కాయితం?"

"ఖర్చు కాయితం. వాళ్ళ రూలు." కవరు నాకిచ్చాడు. లోపల పెట్టమని ఇచ్చాడనుకుంటాను. నేను ఎనిమిదో తరగతి నుంచి గుజరాతీ మీడియంలో చదివాను. ఆ సంగతి ఆయనకు గుర్తులేదు.

రెండు పేజీలు, గుజరాతీలో టైపు చేసినవి. నిలబడే చదివాను. 'నేను, రాంప్రసాద్, వయసు నలభై ఆరు' అని మొదలైంది. జనవరి ఇరవై తొమ్మిదిన నేను డ్యూటీలో లేను. ఇంట్లో మోరీ శుభ్రం చేయడానికి మిల్లు నుంచి చెప్పకుండా తెచ్చుకున్న కాస్టిక్ నా పొరపాటు వల్ల నా కళ్ళలో పడింది. మిల్లు యాజమాన్యం దయతలచి వైద్యానికి సాయం చేస్తోంది. ఇక ముందు నాకు గానీ నా కుటుంబానికి గానీ మిల్లు నుంచి ఏమీ అడిగే హక్కు లేదు.

తల ఎత్తాను. జితేందర్ మామ నన్నే చూస్తున్నాడు. నేను చదివానని ఆయనకు తెలిసిపోయింది.

"హారతి చదువుకున్న పిల్ల," అన్నాడు బాపుతో, చూపు నా మీదనుంచి తీయకుండా. "నిదానంగ నీకు సమఝాయిస్తది. ఎల్లుండి ఆఫీసాయనను తీసుకొస్త. తయారుగుండున్రి."

గుమ్మం దాకా వెళ్ళాను. చెప్పులు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండా చిన్నగా అన్నాడు. "కన్ను ముఖ్యం బిడ్డా. కాయితంల ఏం రాస్తే ఏంది, కాయితమే గద."

ఆ సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చి రొట్టెలకు పిండి కలుపుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. బాపు వినకుండా కుళాయి విప్పి బకెట్‌లోకి నీళ్ళు వదిలాను. అమ్మ చెయ్యి ఆగలేదు.

"దొంగ అని రాసిన్రు అమ్మా. మిల్లుల నుంచి దొంగతనంగ తెచ్చిండని."

"రాస్తే రాయనియ్."

"అమ్మా!"

"నువ్వు చిన్నగ మాట్లాడు." పిండి ముద్దను తిప్పి తిప్పి కొట్టింది. "మీ బాపుకు తెలిస్తే ఏలిముద్ర ఎయ్యడు. ఎరికేనా నీకు? కన్ను పోయినా ఎయ్యడు. ఇరవై రెండేండ్ల నుంచి సూస్తున్న ఆయన్ని. సర్కారు దవాఖాన్ల ఆపరేషన్‌కు ఎన్ని దినాలు లైన్ల ఉండాలె? నువ్వే పోయి అడిగొచ్చినవ్ గద, ఏమన్నరు?"

"మే అయితదన్నరు."

"మే దాక కన్ను ఆగుతదా? డాక్టరు ఆగుతదన్నడా? ఇక్కడికెల్లి ఎల్లిపొమ్మంటే ఆ గుడ్డి మనిషిని పట్టుకొని ఏ సడక్ మీద నిలబడుదాం?" అప్పుడు మొదటిసారి నా వైపు చూసింది. "నిజం చెప్తే కన్నొస్తదా హారతీ?"

బకెట్ నిండి నీళ్ళు పొర్లాయి.

"ఖర్చు కాయితమని చెప్పు. వాళ్ళన్నట్టే చెప్పు. పాపం తాకితే నాకు తాకనియ్," అంది అమ్మ.

తరువాత అందరూ నన్ను ధైర్యం గల పిల్ల అన్నారు. అందుకే ఈ సంగతి చెప్పాలి. ఆ రెండు రోజుల్లో నేను అమ్మ మాటే వినాలని నిశ్చయించుకున్నాను. చెప్పాల్సిన మాటలు కూడా కూర్చుకున్నాను. 'వైద్యానికయ్యే ఖర్చు మిల్లు భరిస్తుంది, అందుకు నేను ఒప్పుకుంటున్నాను.' తొట్టిలో నీళ్ళు నింపుతూ, గిన్నెలు తోముతూ ఆ వాక్యం లోపల్లోపల అప్పజెప్పుకున్నాను.

"ఏంది, గొంతు గట్లున్నది?" అన్నాడు బాపు రెండో రోజు పొద్దున.

"జలుబు."

"కుంటి పిట్ట వచ్చిందా?"

"వచ్చింది."

"ఇంకెన్నున్నయ్?"

"తగ్గినయ్ బాపూ. పూలు రాలిపోతున్నయ్."

మూడో రోజు నాలుగింటికి వాళ్ళు వచ్చారు. మిల్లు ఆఫీసాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో నీలం ఇంకు డబ్బీ. జితేందర్ మామ గోడకానుకుని నిలబడ్డాడు. అమ్మ ఆ పూట పనికి పోలేదు. స్టీలు గ్లాసుల్లో చాయ్ తెచ్చి ఇచ్చింది. తొట్టిలో ఏడెనిమిది పిట్టలు స్నానం చేస్తున్నాయి, నీళ్ళు ఆఫీసాయన బూట్ల దాకా చిందుతున్నాయి.

కాగితం నా చేతిలో ఉంది. కూర్చుకున్న వాక్యం నాలుక మీదే ఉంది. బాపు 'చదువు బిడ్డా' అంటే అది అనేసేదాన్నే.

ఆయన ఆ మాట అనలేదు. "మల్ల సదువుడెందుకు?" అన్నాడు. "మా హారతి సూసింది గద. ఏడ ఎయ్యాలె?" అంటూ కుడిచెయ్యి ముందుకు చాచాడు.

అమ్మ గబగబా వంగి ఆ బొటనవేలును డబ్బీలో అద్దింది. నీలం రంగు వేలు గాలిలో నిలిచింది. ఆఫీసాయన నా చేతిలోంచి కాగితం తీసుకోవడానికి చెయ్యి చాచాడు.

నేను బాపు మణికట్టు పట్టుకున్నాను.

"ఆగు బాపూ. చదువుత."

చదివాను. ఒక్కో గుజరాతీ వాక్యం చదివి, దాన్ని తెలుగులో చెబుతూ పోయాను. పేరు, తండ్రి పేరు, వయసు. 'ఆ రోజు నేను డ్యూటీలో లేను.' చాయ్ గ్లాసులు సర్దుతున్న అమ్మ చప్పుడు ఆగింది. మోరీ, చెప్పకుండా తెచ్చుకున్న కాస్టిక్, నా పొరపాటు, యాజమాన్యం దయ, ఇక ముందు ఏ హక్కూ లేదు. చివర తారీఖు దాకా చదివాను. తల ఎత్తి ఎవరినీ చూడలేదు.

బాపు తల కాస్త నా వైపు వంచాడు. "చెప్పకుండ తెచ్చుకున్న కాడ, మల్లొకసారి," అన్నాడు.

మళ్ళీ చదివాను.

"జితేందర్," అన్నాడు అప్పుడు. "నువ్వు సదివినవా దీన్ని?"

"నాకు గుజరాతీ సదువరాదు గద బావా."

"అవును. రాదు." బాపు తల ఊపాడు. "ఇప్పుడు మా బిడ్డ సదివింది. నువ్వు గూడ విన్నవ్. నన్ను కుళాయి కాడికి గుంజుకపోయింది నువ్వే. నేను ఆ దినం యాడున్ననో ఈ సాబుకు చెప్పు."

జితేందర్ మామ నేల చూపులు చూశాడు. ఆఫీసాయన చేతి గడియారం చూసుకుని, "క్యా హువా? అంగూఠా?" అన్నాడు బాపు బొటనవేలు చూపిస్తూ.

"ఆజ్ నహీఁ సాబ్," అన్నాడు మామ తల అడ్డంగా ఊపుతూ.

బాపు నీలం వేలును తన బనీనుకే తుడుచుకున్నాడు. ఆఫీసాయన కాగితం లాక్కుని, ఏప్రిల్ రెండున ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కాల్సిన పని లేదని హిందీలో చెప్పి బయటికి నడిచాడు. జితేందర్ మామ గుమ్మంలో ఆగాడు. "బావా, రూము..." అని ఆపేశాడు.

"నెలాఖరుకు ఖాళీ చేస్తం," అన్నాడు బాపు. "నీ మీద ఏం బరువున్నదో నాకు ఎరుక."

అమ్మ అరవలేదు, ఏడవలేదు. గ్లాసులు కడిగి బోర్లించింది. ఆ సాయంత్రం బాపుకు అన్నం కలిపి తినిపించింది. నా కంచంలో అన్నం పెట్టి కంచం నా ముందుకు తోసింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది.

ఖాళీ చేసేదాకా మిగిలిన వారం బాపూ నేనూ పెరట్లోనే గడిపాం. రోజురోజుకూ పిట్టలు తగ్గాయి. మార్చి ఇరవై తొమ్మిదిన పొద్దున ఏడు దాటినా ఒక్కటీ రాలేదు. ఎనిమిదైంది.

"ఉన్నయా?"

"లేవు బాపూ. పోయినయ్."

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ లేదు. చెట్టు మీద పూలు గూడ లేవు. కాయలు పడ్డయ్."

"కుంటిది గూడ పోయిందంటే ఎగురుతదన్నట్టే," అన్నాడు. మందు వేసే సమయమైంది. పట్టీ విప్పాను. చుక్క వేయబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "కండ్లు ఎట్లున్నయో గూడ చెప్పు. ఎర్రగున్నయనకు."

అప్పుడు చెప్పాను. ఉడికిన గుడ్డు సంగతి, ఎడమ కంట్లో రెప్ప లోపల అతుక్కుంటున్న సంగతి, కుడి కంటికి పక్కన గోరంత మేర నలుపు మిగిలి ఉన్న సంగతి. చెబుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. ఆయన కదలకుండా విన్నాడు.

"కుడి దాంట్ల మిగిలిందన్నవ్ గద," అన్నాడు చివరికి. "మందు ఎయ్యి."

సూరత్‌లోనే ఇంకో మూల, అమ్రోలిలో రెండో అంతస్తులో ఒక గది దొరికింది. పెరడు లేదు. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. ఏప్రిల్ రెండో తారీఖున అమ్మా నేనూ పొద్దున నుంచి సాయంత్రం దాకా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అమ్మ రెండుసార్లు బాపు పక్కన కూర్చుని లేచి వెళ్ళింది. నేను చీరలకు రాళ్ళు అతికించే పని ఇంటికి తెచ్చుకున్నాను. మధ్య మధ్య సర్కారు ఆసుపత్రికి పోయి వరసలో బాపు పేరు ఎక్కడుందో చూసి వచ్చేదాన్ని. లేబర్ ఆఫీసుకు అర్జీ నేనే గుజరాతీలో రాశాను. అక్కడి గుమాస్తా చదివి, "ఆ రోజు డ్యూటీలో ఉన్నట్టు రుజువేది?" అన్నాడు. బాపు పేరు మిల్లు రిజిస్టరులో ఎక్కడా లేదు. కాంట్రాక్టరు మనుషుల పేర్లు అందులో రాయరు.

ఏప్రిల్ మూడో వారంలో ఒక మధ్యాహ్నం జితేందర్ మామ మెట్లెక్కి వచ్చాడు. అమ్మ చెంబుతో నీళ్ళిస్తే నిలబడే తాగాడు. జేబులోంచి అట్ట చినిగిన చిన్న పుస్తకం తీసి బాపు చేతిలో పెట్టాడు.

"ఏందిది?" అన్నాడు బాపు తడుముతూ.

"హాజరీ పుస్తకం. జనవరిది." గొంతు బొంగురుగా ఉంది. "ఇరవై తొమ్మిది కాడ నీ పేరు ముందట నా చేతి టిక్కు ఉన్నది. నేను సాక్షెం చెప్ప బావా, నాతోటి కాదు. నా కింద అరవై మంది ఉన్నరు. పుస్తకం పోయిందని చెప్పుకుంట."

"సరే," అన్నాడు బాపు. మామ మెట్లు దిగిపోతున్న చప్పుడు ఆగేదాకా బాపు ఆ పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

ఆపరేషన్ మే పదకొండున అయింది. ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి వెలుతురు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, చీర రంగు దగ్గరికి తెస్తే తెలుస్తుంది. పట్టీ విప్పిన కుర్ర డాక్టరు మంచివాడే, ఉన్నమాట అన్నాడు. "ఏప్రిల్‌లో అయ్యుంటే ఇంకొంచెం వచ్చేదేమో." అమ్మ నా పక్కనే ఉంది. నేను ఆమె వైపు తిరగలేకపోయాను.

మే నెలాఖరున లేబర్ ఆఫీసులో విచారణ. మిల్లు వకీలు హాజరీ పుస్తకం దొంగదన్నాడు. కాస్టిక్ ఇంట్లోనే పడిందన్నాడు. ఈ కుటుంబం మార్చిలోనే అది ఒప్పుకుని కాగితం మీద వేలిముద్ర వేయడానికి సిద్ధపడిందని, కూతురు మనసు మార్చిందని అన్నాడు. ఆఫీసరు కళ్ళద్దాల పైనుంచి అమ్మను చూసి, "నిజమేనా?" అన్నాడు హిందీలో.

అమ్మకు వచ్చిన హిందీ కూరగాయలు కొనేంత. లేచి నిలబడింది. కొంగు నడుముకు చుట్టుకుంది. ఆ విరిగిన హిందీలోనే చెప్పింది. నిజమే సాబ్, సిద్ధపడ్డది నేను. అబద్ధం చదవమని బిడ్డకు చెప్పింది నేను. వేలికి రంగు పూసింది కూడా నేనే. కన్ను కోసం చేసిన. మా ఇంట్ల బట్టల సబ్బు తప్ప ఏ సోడా లేదు, ఎన్నడూ లేదు. నా బిడ్డ కాయితంల ఉన్నది ఉన్నట్టు చదివింది.

ఆఫీసరు ఏదో రాసుకున్నాడు. తీర్పు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. అడిగినంత పరిహారం ఇవ్వలేదు. 'పనిలో ఉండగా జరిగిన ప్రమాదం' అన్న మాట మాత్రం అందులో ఉంది. బాపు ఆ వాక్యాన్ని నాతో మూడుసార్లు చదివించుకున్నాడు.

కానీ ఆ రోజు మాకు అదేమీ తెలియదు. విచారణ ముగించుకుని గేటు బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. ఎండ మండిపోతోంది. బాపు మా ఇద్దరి మధ్య నిలబడి కుడి కన్ను చికిలించి రోడ్డు వైపు చూస్తున్నాడు. ఎదురుగా ఉడికించిన శనగపిండి లోచో అమ్మే బండి ఉంది, ఆవిరి పైకి లేస్తోంది.

"పొద్దటికెల్లి ఏం తినలేదు," అంది అమ్మ. "తింటవా?"

బాపును అడిగిందనుకుని నేను ఊరుకున్నాను.

"నిన్నే హారతీ. తింటవా?"

తింటానన్నాను. అమ్మ మూడు ప్లేట్లు చెప్పి, మొదటిది నా చేతిలో పెట్టింది. బండివాడు పచ్చిమిరపకాయల చట్నీ చెయ్యి జారినట్టు పోశాడు. రెండు ముద్దలకే ముగ్గురికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ, నేను కొంగుతో, చున్నీతో తుడుచుకున్నాం. కన్ను ముట్టుకోవద్దని డాక్టరు చెప్పిన మాట గుర్తుంచుకుని బాపు మాత్రం తుడుచుకోలేదు. నీళ్ళు చెంపల మీదుగా కారిపోతుంటే అలాగే నిలబడి తిన్నాడు.